సంతకం పెట్టే ముందు చూసిన సినిమా

మా పెద్దవాడు మొన్న బడి నుంచి ఒక కాగితం తెచ్చి వంటింటి గట్టు మీద, సరిగ్గా నేను చపాతీలకి పిండి చల్లుకున్న చోట పెట్టాడు. "అమ్మా, ఇక్కడ సైన్ చెయ్యి" అన్నాడు. వాడిప్పుడు టెన్త్ గ్రేడు. సైన్ చెయ్యమన్నప్పుడల్లా చదవకుండా చేసేసే రోజులు ఎప్పుడో పోయాయి కాబట్టి చెయ్యి తుడుచుకుని చదివాను. ఇంగ్లీషు క్లాసులో ఏదో ఒక డాక్యుమెంటరీ చూసి వ్యాసం రాయాలట. వీడు ఎంచుకున్నదానికి ఆర్ రేటింగ్ ఉంది కాబట్టి తల్లిదండ్రుల అనుమతి కావాలి. సినిమా పేరు బౌలింగ్ ఫర్ కొలంబైన్.

"ముందు నేను చూస్తాను. తర్వాత సంతకం" అన్నాను. వాడు కళ్ళు తిప్పాడు. పదిహేనేళ్ళ పిల్లలకి కళ్ళు ఉన్నది అందుకే అనుకుంటాను.

మామూలుగా అయితే వాడి మాట నమ్మి పెట్టేసేదాన్నేమో. కానీ ఆ వారం మా ఇంట్లో తుపాకి మాట నడుస్తోంది. అది చెప్పకపోతే ఈ సినిమా మా అందరినీ సోఫాలో ఎందుకు కూర్చోబెట్టిందో అర్థం కాదు.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన. మా రెండు వీధుల అవతల మనవాళ్ళ ఇంట్లో దొంగలు పడ్డారు. వాళ్ళు పెళ్ళికని ఊరెళ్ళారు, వెనక తలుపు పగలగొట్టి బంగారం తీసుకుపోయారు. టీవీ ముట్టుకోలేదు, లాప్‌టాప్ ముట్టుకోలేదు. మనవాళ్ళ ఇళ్ళల్లో బంగారం ఉంటుందని దొంగలకి తెలుసు. దాంతో మా కాలనీ తెలుగు వాట్సాప్ గ్రూపు రెండు రోజులు నిద్రపోలేదు. ఎవరో ఎక్కడిదో కెమెరా వీడియో పెడతారు, ఇంకొకరు అది మన వీధే అంటారు, తీరా చూస్తే అది ఇంకో రాష్ట్రంలో మూడేళ్ళ కిందటిది. అప్పటికే అరవైమంది చూసి తలుపులు వేసుకుని ఉంటారు.

మూడో రోజు రాత్రి మా ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, ఏదో బియ్యం బస్తా తెద్దామన్నంత మామూలుగా, "ఒక తుపాకి కొందామనుకుంటున్నాను" అన్నారు.

హెచ్‌1బీ మీద ఉన్నన్నాళ్ళూ ఈ మాట రాలేదు. ఆ వీసా మీద ఉన్నవాళ్ళకి వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఏదో ఉంటే తప్ప తుపాకి అమ్మరు. మాకు గ్రీన్‌కార్డు వచ్చి రెండేళ్ళయింది. ఇప్పుడు కొట్టుకెళ్ళి ఫారం నింపి, వాళ్ళు కంప్యూటర్లో చూసి సరే అంటే, ఇంటికి పట్టుకొచ్చేయొచ్చు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి చేతితుపాకి దగ్గర పెట్టుకుని తిరగడానికి చాలామందికి లైసెన్సు కూడా అక్కర్లేదు. ఆయన ఆఫీసు స్నేహితులతో ఒకసారి రేంజికి కూడా వెళ్ళొచ్చారట. నాకు బౌలింగ్‌కి వెళ్తున్నామని చెప్పి వెళ్ళారు. ఈ సినిమా పేరు చూశాక ఆ బౌలింగ్ గుర్తొచ్చి నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

అదుగో, అందుకని శుక్రవారం రాత్రి నలుగురం కూర్చున్నాం. నేను, ఆయన, వాడు, ఆరు నెలలకని వచ్చిన మా అత్తమ్మ. ఏడేళ్ళ చిన్నదాన్ని పడుకోబెట్టేశాను. అత్తమ్మకి ఇంగ్లీషు రాదు. అయినా "నేనూ చూస్తా, నాకేం, బొమ్మలు కనబడవా" అని మరమరాల గిన్నె పట్టుకుని వచ్చింది.

సినిమా 2002లో వచ్చింది. తీసినాయన మైకేల్ మూర్. బేస్‌బాల్ టోపీ పెట్టుకుని, షేవింగ్ చేసుకోకుండా, పక్కింటి అంకుల్ లాగా ఉంటాడు. దీనికి ఆస్కార్ వచ్చింది. 2003 మార్చిలో ఆ బహుమతి తీసుకుంటూ ఇరాక్ యుద్ధాన్ని తిట్టి, సభలో కొందరిచేత బూ అనిపించుకున్నాడు కూడా. మొదట్లోనే మిషిగన్‌లో ఒక బ్యాంకుకి వెళ్తాడు. అక్కడ డబ్బు డిపాజిట్ చేస్తే బహుమతిగా తుపాకి ఇస్తారు. ఖాతా తెరిచి, ఫారం నింపి, భుజాన పొడుగు తుపాకి పెట్టుకుని బయటికొస్తాడు. బ్యాంకులో తుపాకులు పంచడం కాస్త ప్రమాదం కదా అని అక్కడివాళ్ళనే అడుగుతాడు. నేను అత్తమ్మకి తెలుగులో చెప్పాను. ఆమె మరమరాలు నములుతూ, "మనకి బట్టల కొట్లో సంచి ఇచ్చినట్టా?" అంది. అవునన్నాను.

కొలంబైన్ అనేది కొలరాడోలో లిటిల్‌టన్ దగ్గర ఒక హైస్కూలు. 1999 ఏప్రిల్ 20న అక్కడ చదివే ఇద్దరు కుర్రాళ్ళు పన్నెండుమంది తోటి పిల్లల్నీ ఒక మాస్టారినీ కాల్చి చంపి, తామూ చనిపోయారు. ఆ తర్వాత దేశమంతా కారణాలు వెతికింది. వీడియో గేములన్నారు, సినిమాలన్నారు, మార్లిన్ మాన్సన్ అనే రాక్ పాటగాడన్నారు. ఆ పొద్దున వాళ్ళిద్దరూ బౌలింగ్ క్లాసుకి వెళ్ళారట, మరి బౌలింగే కారణమని ఎందుకనరు అని మూర్ అడుగుతాడు. పేరు అక్కడి నుంచి వచ్చింది. (వాళ్ళు ఆ రోజు ఆ క్లాసుకి అసలు వెళ్ళలేదని పోలీసులు తర్వాత చెప్పారని మావాడు మర్నాడు వెతికి చెప్పాడు. వాడి సంగతి ముందుంది.)

స్కూలు కెమెరాలో పడిన దృశ్యాలు కాసేపు చూపిస్తారు. భోజనాల గదిలో బల్లల కింద పిల్లలు. అత్తమ్మ నమలడం ఆపేసింది. నేను మావాడి వంక చూశాను. వాడు మామూలుగా చూస్తున్నాడు. నాకు భయమేసింది ఆ తెర మీది దృశ్యానికి కాదు, వాడి మామూలుతనానికి. ఇది వాడికి కొత్త కాదు. కిండర్‌గార్టెన్ నుంచి వాడు లాక్‌డౌన్ డ్రిల్లు చేస్తున్నాడు. తాళం, లైట్లు, కనబడకుండా మూల. మా చిన్నది మొన్న ఇంట్లో బొమ్మలకి కూడా ఆ డ్రిల్లు చేయించింది. గుడ్డ కుందేలు మాట్లాడిందని దానికి టైమవుట్ ఇచ్చింది. నేను గడప అవతల ఉతికిన బట్టల బుట్ట పట్టుకుని నిలబడిపోయాను.

ఈ సినిమా గురించి నాకు ముందే తెలిసిన ఒక్క సంగతి, ఇది తుపాకులు నిషేధించాలని చెప్పే సినిమా అని. చూస్తే అంత సూటిగా లేదు. మూర్ తుపాకి పట్టుకుని పెరిగినవాడే. కుర్రతనంలో గురి చూసి కాల్చడంలో బహుమతి కూడా వచ్చింది. తుపాకుల సంఘం ఎన్ఆర్ఏలో జీవితకాల సభ్యుడు. ఆయన అడిగేది ఇంకోటి. నది దాటితే కెనడా. అక్కడా వేటగాళ్ళున్నారు, ఇళ్ళల్లో తుపాకులున్నాయి, ఇవే సినిమాలు చూస్తారు, ఇవే గేములు ఆడతారు. మరి ఇక్కడ ఇన్ని చావులెందుకు? సినిమాలో ఏడాదికి తుపాకితో చంపబడినవాళ్ళ లెక్క చెప్తాడు. జపాన్‌లో 39, కెనడాలో 165, జర్మనీలో 381, అమెరికాలో 11,127.

మా ఆయన వెంటనే పాజ్ చేయించారు. "జనాభా చెప్పకుండా ఇలా అంకెలు చెప్పడం మోసం" అన్నారు. ఫోను తీసి లెక్క వేశారు. అప్పటికి కెనడా జనాభా అమెరికాలో దాదాపు తొమ్మిదో వంతు. 165ని తొమ్మిదితో గుణిస్తే పదిహేను వందలు కూడా రాలేదు. పదకొండు వేలెక్కడ, పదిహేను వందలెక్కడ. "ఏడు రెట్లకు పైనే" అని తనే ఒప్పుకుని ఫోను పక్కన పెట్టారు. మా ఆయనలో నాకు నచ్చేది అదే. లెక్క తనకి ఎదురు తిరిగితే దాచిపెట్టరు.

చరిత్ర రక్తసిక్తం కాబట్టి ఇలా ఉందా అంటే, జర్మనీది, జపాన్‌ది, ఇంగ్లండ్‌ది తక్కువ రక్తమా అంటాడు. పేదరికమా అంటే కెనడాలో నిరుద్యోగం లేదా అంటాడు. అలా ఒక్కొక్కటీ తీసి పక్కన పెడుతూ, చివరికి భయం దగ్గర ఎక్కువసేపు ఆగుతాడు. పొద్దున లేస్తే టీవీలో హత్యలు, దొంగలు, తేనెటీగలు. హత్యలు తగ్గుతున్న సంవత్సరాల్లో కూడా వార్తల్లో హత్యలు ఎన్నో రెట్లు పెరిగాయని ఆ విషయం మీద పుస్తకం రాసిన ప్రొఫెసర్ బారీ గ్లాస్నర్ చెప్తాడు. భయపడ్డ మనిషి తాళం కొంటాడు, అలారం కొంటాడు, తుపాకి కొంటాడు. టొరంటోలో మూర్ ఊరికే ఇళ్ళ తలుపులు తోసి చూస్తాడు. తాళాల్లేవు, తెరుచుకుంటాయి. లోపలివాళ్ళు ఏంటని మర్యాదగా అడుగుతారు.

"మన వాట్సాప్ గ్రూపు" అన్నాను నేను. ఆయన ఏమీ అనలేదు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నాది అనంతపురం జిల్లా. నేను హైదరాబాదులో హాస్టల్లో చదువుకున్న రోజుల్లోనే ఫ్యాక్షన్ సినిమాల వరద. 1999 సంక్రాంతికి సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2002లో ఇంద్ర. హాస్టల్లో ఏ ఊరమ్మాయినా నన్ను మొదట అడిగేది, "మీ ఊళ్ళో బాంబులేస్తారంట కదా?" నేను పుట్టి పెరిగిన ఊళ్ళో నేను బాంబు చప్పుడు వినలేదు. దీపావళి టపాకాయలు తప్ప. ఫ్యాక్షన్ లేదని కాదు, ఉన్న ఊళ్ళు ఉన్నాయి, కొంపలు కూలిన ఇళ్ళు నాకు తెలుసు. కానీ సుమోలు గాల్లోకి లేచే సినిమాలు చూసి మా వైపు పిల్లనివ్వడానికి జంకినవాళ్ళున్నారు. ఆ సినిమాలు చూసి ఎవరూ కత్తి పట్టలేదేమో గానీ, మమ్మల్ని చూసి భయపడ్డవాళ్ళు మాత్రం చాలామంది. ఆ ఫ్యాక్షన్ ఊళ్ళల్లో కూడా సంగతి ఇదే అని మా నాన్న అనేవాడు. అవతలివాడి ఇంట్లో నాటు బాంబులున్నాయని విని ఇవతలివాడు చుట్టించేవాడు. ఇవతలివాడు చుట్టిస్తున్నాడని విని అవతలివాడు.

మా తాత దగ్గర తుపాకి ఉండేది. సింగిల్ బ్యారెల్, లైసెన్సుది. శెనక్కాయ చేలో అడవి పందులు పడకుండా. నడవాలో మేకుకి వేలాడేది. మేం పిల్లలం దాన్ని చూసేవాళ్ళమే గానీ ముట్టుకునే వీలు లేదు. తూటాలు అటక కింద ట్రంకుపెట్టెలో, ఆ పెట్టె తాళం మా అవ్వ బొడ్లో. తాతకి తూటా కావాలంటే అవ్వని అడగాలి. ఆమె ముందు "ఎందుకు?" అంటుంది. ఎలక్షన్లు వస్తే తాత ఆ తుపాకిని దుప్పట్లో చుట్టి బస్సెక్కి పోలీసు స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు. ఓట్ల లెక్క అయిపోయాక మళ్ళీ తెచ్చుకునేవాడు. అందరూ అలాగే చెయ్యాలి. ఇది మావాడికి చెప్తే నమ్మలేదు. "గవర్నమెంటుకి గన్ ఇచ్చేసి మళ్ళీ తెచ్చుకునేవాడా? అడిగితే ఇచ్చేసేవాడా?" అన్నాడు. ఇచ్చేసేవాడు నాన్నా, పైగా రసీదు పోతుందని దేవుడి పటం వెనక పెట్టేవాడు.

సినిమాలో నేను మర్చిపోలేనిది కొలంబైన్ కాదు. మూర్ సొంత ఊరు ఫ్లింట్ పక్కన ఒక ప్రాథమిక పాఠశాల. 2000 ఫిబ్రవరి 29న ఆరేళ్ళ పిల్లవాడు తన క్లాసులోని ఆరేళ్ళ పాపని కాల్చాడు. ఆ పాప చనిపోయింది. ఆరేళ్ళు. మా చిన్నదానికంటే ఒక ఏడాది చిన్న. తుపాకి వాడికి మేనమామ ఇంట్లో దొరికింది.

మేనమామ ఇంట్లో వాడెందుకున్నాడు? వాళ్ళమ్మ అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. పిల్లల్ని తమ్ముడి దగ్గర పెట్టింది. ప్రభుత్వ సాయం అందుకోవాలంటే పని చెయ్యాలన్న చట్టం కింద ఆమె రోజూ బస్సెక్కి పోనూ రానూ 80 మైళ్ళు ప్రయాణం చేసి, ఒక పెద్ద మాల్‌లో రెండు ఉద్యోగాలు చేసేది. ఒకచోట మిఠాయిలు, ఇంకోచోట పానీయాలు. అయినా అద్దెకి చాలలేదు. పిల్లలు లేచేసరికి ఆమె బస్సులో ఉండేది. ఆ బస్సులో మూర్ కూడా వెళ్తాడు. ఇంకా చీకటిగానే ఉంటుంది. కిటికీకి తల ఆనించి నిద్రపోతున్న ఆడవాళ్ళు.

నేను ఇదంతా అత్తమ్మకి చెప్తున్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. మా మామగారు చిన్నవయసులోనే పోతే, ఈమె తెల్లారగట్ల నాలుగింటికి లేచి కూరగాయల గంప ఎత్తుకుని బస్సులో టౌనుకి వెళ్ళేది. మా ఆయనా ఆయన చెల్లెలూ మేనమామ ఇంట్లోనే పెరిగారు. తెర మీద బస్సు చూస్తూ అత్తమ్మ, "వానికి మామ ఇంట్లో అదుండె. నా పిల్లోళ్ళకి లేకపాయె. అంతే కదా ఫరకు" అంది. అని, కాసేపాగి, "నేనేమీ ఆ తల్లికంటే గొప్పదాన్ని కాదు" అంది.

మా ఆయన లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళారు. చాలాసేపు రాలేదు. ఫ్రిజ్జు తలుపు తెరిచిన చప్పుడు కూడా వినబడలేదు.

చివర్లో మూర్ ఎన్ఆర్ఏ అధ్యక్షుడైన నటుడు చార్ల్‌టన్ హెస్టన్ ఇంటికి వెళ్తాడు. నాకు ఆయన బెన్ హర్‌గా తెలుసు. అమెరికాలోనే ఇన్ని చావులెందుకని అడిగితే, తడుముకుంటూ చెప్పిన కారణాల్లో ఒకటి, ఇక్కడ రకరకాల జాతుల వాళ్ళు కలిసి ఉండటం. మా ఆయన సోఫాలో కొంచెం ముందుకి జరిగారు. ఆయన కాసేపటికి లేచి లోపలికి వెళ్ళిపోతాడు. మూర్ ఆ చనిపోయిన పాప ఫొటో చూపిస్తూ వెనకాలే నడుస్తాడు, తర్వాత దాన్ని అక్కడ పెట్టేసి వస్తాడు. నాకది నచ్చలేదు. ముసలాయన తడబడుతూ నడుస్తుంటే కెమెరా వెంటపడటం బాగోలేదు. ఆ పాప ఫొటోని వాడుకోవడం కూడా బాగోలేదు. మావాడు నాతో వాదించాడు, ఆయన ఆ పదవిలో ఉన్నాడు కాబట్టి అడగాల్సిందే అన్నాడు. అడగొద్దని కాదురా, ఆ ఫొటో ఆ తల్లిది అన్నాను.

ఇంకోటి మాత్రం నాకు చాలా నచ్చింది. కొలంబైన్‌లో గాయపడి, ఒంట్లో ఇంకా తూటాలున్న ఇద్దరు పిల్లల్ని మూర్ కేమార్ట్ కంపెనీ ఆఫీసుకి తీసుకెళ్తాడు. ఆ తూటాలు కొన్నది ఆ కొట్లోనే. సరుకు వాపసు ఇవ్వడానికి వచ్చామంటారు. వాళ్ళని గంటల తరబడి కూర్చోబెడతారు, మర్నాడు మళ్ళీ వెళ్తారు. చివరికి కంపెనీ, చేతితుపాకుల తూటాలు అమ్మడం 90 రోజుల్లో మానేస్తామని ప్రకటిస్తుంది. మూర్ ముఖం చూడాలి. ఇంత సులువుగా ఒప్పుకుంటారని ఆయనా అనుకోలేదు.

మర్నాడు శనివారం మధ్యాహ్నానికి మావాడు ముఖం ముడుచుకుని వచ్చాడు. ఈ సినిమాని విమర్శించినవి చదివాడట. బ్యాంకు దృశ్యం ముందే మాట్లాడుకుని తీసిందని, మామూలుగా తుపాకి చేతికి రావడానికి ఇంకా సమయం పడుతుందని బ్యాంకువాళ్ళు అన్నారట. హెస్టన్ వేరే ఊళ్ళో వేరే ఏడాది మాట్లాడిన మాటని కొలంబైన్ తర్వాత డెన్వర్‌లో జరిగిన సభ పక్కన అతికించారట. "అమ్మా, చీటింగ్ కదా. నేను ఇంకో డాక్యుమెంటరీ తీసుకుంటా" అన్నాడు. నేను వద్దన్నాను. అదే రాయమన్నాను. నచ్చిందీ రాయి, మోసమనిపించిందీ రాయి. నువ్వు మీ చెల్లి మీద చాడీ చెప్పేటప్పుడు నీకు అనుకూలమైనవే అతికించి చెప్తావు, అయినా అందులో కొంత నిజం ఉంటుంది, నేను ఏరుకోవట్లేదా?

వాడు నవ్వలేదు. బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీయడం మొదలుపెట్టాడు. నేను చెప్పకుండా వాడు వంటింట్లో ఏ పనైనా చేస్తే నేను నోరు మూసుకోవాలని తెలుసు. కాసేపటికి అన్నాడు, "ఇంకోటి కూడా వదిలేశాడమ్మా. సూసైడ్స్."

నిజమే. సినిమాలో అంతా ఒకరు ఇంకొకరిని చంపడం గురించే. 2021లో ఈ దేశంలో తుపాకులతో పోయినవాళ్ళు 48 వేలకు పైగా. అందులో 26 వేలకు పైగా తమని తామే కాల్చుకున్నవాళ్ళు. సగం కంటే ఎక్కువ. వార్తల్లో రానిది ఆ సగం. ఎవరో దొంగ వస్తాడని కొన్న తుపాకి, ఇంట్లోవాళ్ళ దగ్గరే ఉంటుంది కదా.

"కిందటేడు మా బ్యాండ్‌లో అబ్బాయి గుర్తున్నాడా?" అన్నాడు. గుర్తున్నాడు. స్కూలు నుంచి వచ్చిన ఈమెయిల్లో చనిపోయాడని మాత్రమే ఉంది, ఎలాగో లేదు. నేను ఏదో ప్రమాదమనుకున్నాను. ఆ వారం మావాడు సరిగ్గా తినలేదు, మామూలుగా టీనేజి అనుకున్నాను.

"వాళ్ళ నాన్నది. అందరికీ తెలుసు" అన్నాడు.

చిక్కుడుకాయ వాడి చేతిలోనే ఉంది. నేను అడగాల్సింది అడిగాను. నీకెప్పుడైనా అలా అనిపించిందా అని. నోరు ఎండిపోయింది, అయినా అడిగాను. వాడు వెంటనే లేదని చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. కాస్త ఆగి, "కిందటేడు కొన్నాళ్ళు బాగా డల్‌గా ఉన్నానమ్మా. అంతలా కాదు. కానీ నాన్న అది కొనకపోతే బాగుంటుంది" అన్నాడు.

మేం ఆ గట్టు దగ్గర చాలాసేపు మాట్లాడుకున్నాం. అదంతా ఇక్కడ రాయను, అది వాడిది. స్కూలు కౌన్సిలర్‌ని కలిశాం, వాడిప్పుడు రెండు వారాలకోసారి ఒకావిడతో మాట్లాడుతున్నాడు. ఆమె నాకు చెప్పిన ఒక్క మాట రాస్తాను, పిల్లలున్నవాళ్ళకి పనికొస్తుంది. అలాంటి గడియ చాలామందిలో కొద్దిసేపటికే దాటిపోతుందట. దాటించి బతికినవాళ్ళలో ఎక్కువమంది మళ్ళీ ఆ దారి పట్టరట. ఆ కొద్దిసేపు చేతికి ఏది అందుతుందన్నదే తేడా. ఈ దేశంలో ఉన్నవాళ్ళు ఏ వేళప్పుడైనా 988కి ఫోన్ చెయ్యొచ్చు. నేను ఆ నంబరు మా ఫ్రిజ్జు మీద, పాలు అయిపోయాయని రాసుకునే కాగితం పక్కన అంటించాను. అత్తమ్మ అదేంటని అడిగింది. చెప్పాను. మంచిదంది.

ఆయనకి ఆ రాత్రి చెప్పాను. ఆయన వాదన చెప్పకపోతే అన్యాయం. పోలీసులు వచ్చేసరికి ఎంతసేపు పడుతుంది, నేను ఆఫీసు పనిమీద ఊరెళ్తే మీరు ముగ్గురాడవాళ్ళూ పిల్లవాడూ, ఆ ఎలెన్ మాల్ సంగతి మర్చిపోయావా అన్నారు. మర్చిపోలేదు. 2023 మే 6న అక్కడ ఎనిమిదిమంది పోయారు. అందులో హైదరాబాదు నుంచి వచ్చిన తెలుగమ్మాయి ఒకరు. మా ఇంటికి దగ్గరే. ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తే మనమందరం తీసుకెళ్ళే చోటు. అత్తమ్మకి చెప్పులు కొన్నది అక్కడే. కానీ ఆ రోజు అక్కడ మన దగ్గర తుపాకి ఉంటే మీరేం చేసేవారు, ఒక చేత్తో స్ట్రోలర్, ఒక చేత్తో మీ అమ్మ చెయ్యి అన్నాను. ఆయన దానికి జవాబు చెప్పలేదు, నేను కూడా గెలిచినట్టు అనిపించలేదు. ఆయన భయం అబద్ధమైనది కాదు. చిన్నప్పుడు తండ్రి లేని ఇంట్లో పడుకున్నవాడు.

"వాడే అడిగాడా?" అన్నారు చివరికి. వాడే అడిగాడని చెప్పాను. లైటు తీసేశారు.

సోమవారం ఇద్దరం వెళ్ళి బ్యాంకులో లాకర్ తీసుకున్నాం. నా కాసులపేరు, అత్తమ్మ గాజులు, పిల్లదాని వడ్డాణం అన్నీ అందులోకి పోయాయి. బ్యాంకావిడ ఏమీ బహుమతి ఇవ్వలేదు, పెన్ను ఒకటి ఇచ్చింది. వెనక గుమ్మానికి మనిషి కదిలితే వెలిగే లైటు పెట్టించాం. ఇప్పుడు అది ఉడతలకి వెలుగుతోంది. తుపాకి సంగతి ఆయన వదిలేశారని చెప్పలేను. "పిల్లవాడు కాలేజీకి వెళ్ళాక చూద్దాం" అన్నారు. అప్పటికి చిన్నదానికి పదేళ్ళుంటాయి, అప్పుడు మళ్ళీ నా వంతు.

నాకు మాత్రం ఒక కొత్త పని పడింది. మా చిన్నది ఎవరింటికి ఆడుకోవడానికి వెళ్ళినా, పల్లీల అలెర్జీ సంగతితో పాటు ఇంకో ప్రశ్న అడగాలని నిర్ణయించుకున్నాను. మీ ఇంట్లో తుపాకి ఉందా, ఉంటే తాళం వేసి ఉందా. ఇక్కడి పిల్లల డాక్టర్లు కూడా అడగమనే చెప్తారు. మొదట ఎదురింటి అమెరికన్ ఆవిడని అడిగాను. రాత్రంతా వాక్యం కూర్చుకుని మరీ వెళ్ళాను. ఆవిడ ఏమాత్రం నొచ్చుకోలేదు. మూడున్నాయి, సేఫ్‌లో ఉన్నాయి, తూటాలు గ్యారేజీలో వేరే పెట్టెలో ఉన్నాయి, తాళం నా దగ్గరే అని చెప్పింది. మా అవ్వ గుర్తొచ్చింది.

రెండోది మన తెలుగావిడే. పిల్లలిద్దరూ కూచిపూడి క్లాసులో స్నేహితులు. వాళ్ళింట్లో ఎందుకుంటుందిలే, మనవాళ్ళేగా, అడిగితే బాగుండదేమో అని ఫోన్ పెట్టేయబోయి, ఎదురింటావిడని అడిగి ఈమెని అడగకపోవడమేంటని అడిగేశాను. కాసేపు మాట రాలేదు. "ఉందండీ" అంది. "ఆయన కిందటేడు కొన్నారు. మంచం పక్క సొరుగులో ఉంటుంది. నేను ఆ సొరుగు తెరవను." తాళం ఉందా అంటే, లేదంది. రాత్రిపూట వెంటనే అందాలి కదా అని ఆయన అన్నారట. తర్వాత ఇద్దరం క్లాసు ఫీజు గురించీ, గజ్జెల గురించీ మాట్లాడుకున్నాం. నొచ్చుకుందో లేదో తెలియలేదు.

వాళ్ళ పాపే ఇప్పుడు మా ఇంటికి వస్తోంది. పోయిన ఆదివారం పిల్లని దింపడానికి వచ్చినప్పుడు ఆమె లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, "ఆ పెట్టె లాంటిది ఎక్కడ దొరుకుతుందండీ, వేలు పెడితే తెరుచుకునేది?" అని అడిగింది. మీ ఆయన ఒప్పుకున్నారా అన్నాను. "ఇంకా చెప్పలేదు" అంది. కాఫీ తాగి వెళ్ళమన్నాను. వచ్చి కూర్చుంది.

కాగితం మీద సంతకం శనివారం సాయంత్రమే పెట్టేశాను. దాని మీద ఇంకా పిండి మరకలున్నాయి.